గ్రామం-4 నుంచి ఒక జాబు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆడవాళ్ల ఉపాధి మీద పోయిన ఆదివారం మీ పత్రికలో పక్కపక్కనే వేసిన రెండు వ్యాసాలూ చదివాను. దేశంలో 15 ఏళ్లు పైబడిన ఆడవాళ్లలో పనిచేసేవాళ్లు, పని వెతుక్కునేవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతమే ఉండేవారని, 2023-24కి 41.7 శాతం అయ్యారని, ఇది మామూలు మార్పు కాదని ఒక ఆచార్యులు రాశారు. పెరిగినవాళ్లలో చాలామంది సొంత సేద్యంలోనో సొంత అంగట్లోనో కూలి లేకుండా చేయిసాయం చేసేవాళ్లే కదా, దానికి మురిసిపోతే ఎలా అని రెండో ఆయన రాశారు. ఇద్దరూ పట్టుకున్న అంకె ఒకటే. చదివి పేపరు పక్కన పెట్టేశాను గానీ, మర్నాడు పొద్దున మా ఊరి పాల కేంద్రం దగ్గర ఒకామె నన్ను ఒక మాట అడిగింది. ఈ జాబు దాని వల్లే. ఆ మాట తర్వాత చెప్తాను.

నాది పూతలపట్టు మండలంలో ఒక పల్లె. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్ చేశాను. 2005 నుంచి సర్వేలు చేస్తున్నాను. పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏదో ఒక సంస్థకో, ఎవరో ఒక ప్రొఫెసరుకో ప్రాజెక్టు వస్తే నాలుగు నెలలకో ఆరు నెలలకో మమ్మల్ని పిలుస్తారు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో నేను తిరగని మండలాలు తక్కువ. 2022 దాకా తిరుపతి జిల్లాలో చాలా భాగం చిత్తూరు జిల్లాలోనే ఉండేది, బస్సులో కూర్చున్నదానికి రెండూ ఇప్పటికీ ఒకటే. మా పల్లెల్లో నన్ను 'రాసుకునే యమ్మ' అంటారు. ప్రశ్నల పుస్తకాన్ని మేం షెడ్యూలు అంటాం. ఒక షెడ్యూలు నింపితే ఇంత అని ఇస్తారు. అంటే ఒక ఇంట్లోంచి ఎంత తొందరగా బయటపడితే నాకు అంత లాభం. పండితులు రాసే వ్యాసాల్లో ఈ సంగతి ఎక్కడా కనిపించదు.

ఆ ఆచార్యులు చెప్పిన అంకెలు తేల్చిన ప్రభుత్వ సర్వేలో నేను పనిచేయలేదు. కానీ పోల్చి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని చాలా ప్రాజెక్టుల్లో ఆ సర్వే కోడ్లనే పెట్టుకుంటారు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక నంబరు వేయాలి. నెలజీతం వాళ్లకు 31. బయట కూలికి పోయేవాళ్లకు 51. సొంతంగా సేద్యమో అంగడో నడుపుకుంటే 11. ఇంటివాళ్ల సేద్యంలో కూలి తీసుకోకుండా చేస్తే 21. ఇంటి పని తప్ప ఇంకేమీ చేయకపోతే 92. ఇరవై ఏళ్లుగా రాసి రాసి, ఇప్పుడు బస్సులో ఎదురు సీట్లో ఎవరు కూర్చున్నా ముందు నంబరే తోస్తుంది నాకు.

2018లో ఒక ప్రాజెక్టుకు ఊళ్లను లాటరీ తీస్తే మా ఊరే పడింది. ఆ ప్రాజెక్టు ఎవరిదో ఇక్కడ అనవసరం, తప్పు నాది. సాయంత్రం ఐదు దాటింది, ఇంకా రెండిళ్లు మిగిలాయి. ఒకింట్లో ఆయన తిన్నె మీద కూర్చుని సమాధానాలు చెప్తున్నాడు, ఆమె ఎక్కడో పెరట్లో ఉంది. "అన్నా, వదిన ఏం పని చేస్తాది?" అన్నాను. "ఏముండాది, ఇంట్లోనే ఉంటాది" అన్నాడు. 92 వేశాను. దాని పక్కన ఇంకో గడి ఉంటుంది. అసలు పని ఏదైనా సరే, ఏడాదిలో 30 రోజులకు తగ్గకుండా ఇంకేమైనా పని చేశారా అని అడిగి నింపాల్సిన గడి. మొదటి గడిలో 92 ఉన్నా, అక్కడ 21 పడితే ఆమె పనిచేసే మనిషి కింద లెక్క. ఖాళీగా వదిలితే కాదు. నేను అడగలేదు. ఖాళీగానే వదిలేశాను.

ఆమెకు రెండు సీమావులు. తెల్లారుజామున నాలుగింటికి లేచి పేడ తీసి, పాలు పిండి, ఐదున్నరకల్లా కేంద్రంలో పోస్తుంది. గట్ల మీద గడ్డి కోసుకొస్తుంది. పాల బిల్లు మాత్రం మొగుడి పేరున పడుతుంది. ఇదంతా నాకు తెలియని సంగతా? నేను పుట్టిన ఊరు. మర్నాడు పొద్దున కేంద్రం దగ్గర "నిన్న మా ఇంటికొచ్చి నన్ను ఏమని రాసుకున్నావు మ్మా?" అని అడిగింది. దాచకుండా చెప్పాను. ఆమె కోపం చేసుకోలేదు. క్యాను మూత తీసి చూపించి, "నేను ఇంట్లోనే ఉంటే ఈ పాలు యాడి నుంచి వచ్చినాయి?" అంది. తిరిగిపోయి ఆ రెండో గడిలో 21 వేశాను. అప్పటికే మా ఊరి షెడ్యూళ్లు సగం కట్టగట్టి పంపించేశాం.

ఇప్పుడు చెప్పండి. 23.3 నుంచి 41.7 దాకా పెరగడమంతా పెన్ను మహిమ అని నేను అనడం లేదు. మా పక్క ఊళ్లలో ఆడపిల్లలు తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి శ్రీసిటీకి పోతున్నారు. పిలకాయల ఫీజులకు, బోరు అప్పులకు ఇంట్లో ఇద్దరూ చేయక తప్పని కాలం వచ్చింది. మార్పు నిజంగానే ఉంది. కానీ అందులో ఎంత ఆడవాళ్లకు నిజంగా పెరిగిన పని, ఎంత రెండో గడి ఓపిగ్గా నింపడం వల్ల వచ్చింది అని తేల్చాలంటే, అడిగింది ఎవరిని, మొగుడినా పెళ్లాన్నా, ఏ పూట, ఎన్ని నిమిషాలు అన్నది తెలియాలి. ఆచార్యుల్లో ఒకరు ఇది పెద్ద మార్పు అంటారు, ఒకరు దానికి మురిసిపోవద్దు అంటారు. తిన్నె మీద కూర్చుని జవాబు చెప్పినాయన సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

పెద్దవాళ్లు దీన్ని పట్టించుకోకుండా వదిలేశారని కూడా అనలేను. టైం యూజ్ సర్వే అని 2019లో దేశమంతా మొదటిసారి చేశారు. తెల్లారుజాము నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంట అరగంటకూ ఏం చేశావని అడగడం. జీతం లేని ఇంటి పని చేశామన్నవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేసినట్టు తేలింది. 2024లో మళ్లీ చేస్తే 289, 88 వచ్చాయి. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే మగవాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఆ పని ఎవరు ఎత్తుకున్నారో మిక్సీనీ గ్యాసు పొయ్యినీ అడగాలి. ఏమైనా, నాలుగింటికి మొదలుపెట్టాలని ఆలోచించినవాళ్లెవరో గానీ, పేడ తీసే పని తెలిసినవాళ్లే అయ్యుండాలి.

నాకు అందరికంటే గౌరవం గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారి మీద. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది ఆయన ఆలోచనతోనే. అంతకు చాలా ముందు బెంగాల్లో పంటల సర్వేలు చేసేటప్పుడే, ఒకే ప్రాంతానికి రెండు వేరువేరు జట్లను పంపి, విడివిడిగా రాయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారట. రాసేవాళ్లు దొంగలని కాదు. చెయ్యి మారితే అంకె ఎంత మారుతుందో తెలుసుకోవడానికి. ఎం.ఏ. పాఠంలో ఇది చదివినప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆ ఖాళీ గడి తర్వాత అర్థమైంది. నాలాంటిది ఒకతె తిన్నె ముందు నిలబడి గడియారం చూసుకుంటుందని ఆయన ముందే ఊహించి పెట్టారన్నమాట.

అప్పుల సంగతి ఇంకో తీరు. 2018-19లో చేసిన వ్యవసాయ కుటుంబాల సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక్కో కుటుంబానికి 2,45,554 రూపాయల అప్పు తేలింది. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ. దేశ సగటు 74,121. మన దగ్గర నూటికి 93 కుటుంబాలు అప్పులో ఉన్నాయని అప్పుడు తేలింది. ఈ అంకె మీద అసెంబ్లీలో, టీవీల్లో ఎంత అరుచుకున్నారో అందరికీ తెలుసు. నేను చూసింది మాత్రం ఇది: మొగుడి ముందర అప్పుల గడి నింపేటప్పుడు బ్యాంకు అప్పు, సొసైటీ అప్పు చెప్తారు. అంతా అయిపోయి నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె వాకిలి దాకా వస్తుంది. "కమ్మలు కుదువ పెట్టినా మ్మా, ఆయనకి తెల్దు, రాసుకోవద్దు" అని చెవిలో చెప్తుంది. ఒకసారి కాదు, పది ఊళ్లలో ఇదే. రాసుకోవద్దన్న దాన్ని నేను రాయను. దాచుకోగా మిగిలిన అప్పే ఇంత ఉందంటే, ఎవరు ఎవరి మీద అరవాలో నాకు అర్థం కాదు.

ఇంటి ఖర్చుల సర్వే గురించి రాస్తే ఈ జాబు తెగదు. ఒక్కటి మాత్రం. 2011-12లో 347 వస్తువులుంటే 2022-23లో 405 అయ్యాయి. అయితే ఒకే విడతలో అడిగి ప్రాణం తీయకుండా మూడు సార్లుగా పోయి అడిగేట్టు మార్చారు. ఎవరో తలపండినవాళ్లు చేసిన మంచి పని అది. నేను అలాంటివి చేసేటప్పుడు మధ్యాహ్నం సంగటి కెలికే వేళ దాటిపోయేది, ఉప్పు దగ్గర మొదలైన ప్రశ్నలు అగ్గిపెట్టె దగ్గరికి వచ్చేసరికి అన్నిటికీ "లేదు" అనేవాళ్లు. పక్కింటాయన కొండకు పోయొచ్చి ఇచ్చిన లడ్డు ఏ గడిలో రాయాలని ఒక ముసలాయన నన్నే ఎదురు పరీక్ష చేశాడు.

ఇక గ్రామం-4 సంగతి. 2018లో మా ఊళ్లో చేసిన ఆ సర్వే రెండేళ్లు ఏమైందో తెలియలేదు. కరోనా తర్వాత తిరుపతిలో ఒక సెమినారుకు, ఎవరో రిజిస్ట్రేషను డెస్కులో మనిషి కావాలంటే పోయాను. ఫైళ్లు పంచే పని అయిపోయాక హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. ఒక ప్రొఫెసరు తెర మీద బొమ్మలు వేస్తూ ఇంగ్లిషులో చెప్తున్నారు. ఊళ్ల పేర్లు బయటపెట్టకూడదు కాబట్టి గ్రామం-1, గ్రామం-2 అని వేశారు. అది సరైన పనే. గ్రామం-4 దగ్గరికి వచ్చేసరికి ఎండిపోయిన బోర్ల లెక్క చూశాను. మూడు రోజులు గట్లెంబడి తిరిగి నేను రాసిన లెక్క అది. మా ఊరే. ఒళ్లు జలదరించింది, నిజం చెప్తున్నాను. మా చెరువు, మా రచ్చకట్ట, మా మామిడి తోపులు, అన్నీ నాలుగు రంగుల కడ్డీలై నిలబడ్డాయి.

కింద ఒక వాక్యం ఉంది. ఈ గ్రామంలో కౌలు సాగు చాలా తక్కువ, రైతుల్లో ఎక్కువమంది సొంతదారులే అని.

మా ఊళ్లో మంచి కయ్యలున్నవాళ్లు తిరుపతిలోనో, బెంగుళూరులోనో, చెన్నైలోనో ఉంటారు. భూమి గుత్తకు, అంటే కౌలుకు, చేసేది ఇంకొకరు. అంతా నోటిమాటే. గుత్త చేస్తున్నామని ఎవరూ చెప్పరు. చెప్తే ఏదో హక్కు రాయించుకుంటారని భూమాయన భయం. వచ్చే ఏడు భూమి ఇవ్వరేమోనని చేసేవాడి భయం. కౌలు రైతును గుర్తించాలని 2004లో ఆర్థికవేత్త జయతీ ఘోష్ గారి అధ్యక్షతన వేసిన రైతు సంక్షేమ కమిషన్ చెప్పింది. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని చోట పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, భూ యజమాని సంతకం పెట్టిన 11 నెలల ఒప్పందం ఉంటేనే కార్డు అన్నారు. ఆ సంతకం పెట్టేవాడెవడు? కాబట్టి నేను "సొంతమా, గుత్తా?" అని అడిగితే "సొంతమే రాసుకో" అన్నారు. "మా మామ భూమి" అన్నారు. చెప్పింది రాయాలి, తెలిసింది రాయకూడదు. మా పనిలో మొదటి పాఠం అది. నాకు తెలిసీ రాశాను. మా ఊరి అబద్ధం నా చేతిమీదుగానే తిరుపతి తెర మీదకు ఎక్కింది.

ప్రశ్నల వేళలో లేచి ఇదంతా తెలుగులో చెప్పబోయాను. సగంలోనే అధ్యక్షులు "టైం అయిపోయిందమ్మా, లంచ్ తర్వాత మాట్లాడదాం" అన్నారు. లంచ్ తర్వాత అధ్యక్షులు మారిపోయారు. పప్పుచారు మాత్రం బాగుంది.

అన్నం దగ్గర ఒక పరిశోధక విద్యార్థిని నా పక్కన వచ్చి కూర్చుంది. "అక్కా, ఇందాక చెప్తున్నది మొత్తం చెప్పండి" అని నోటుబుక్కు తీసింది. ఆ నెలలోనే మా ఊరికి వచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. సంగటిలోకి ఊరిబిండి అడిగి మరీ వేయించుకుంది. సొంతమా, గుత్తా అని ఆ పిల్ల ఎవరినీ అడగలేదు. "ఈ కయ్యలో పండినదాంట్లో ఎవరెవరికి ఏమేమి ఇస్తారు?" అని అడిగింది. చాకలికి ఇంత, కూలికి ఇంత, చెరువు నీళ్లు కట్టే ఆయనకు ఇంత అని చెప్పుకుంటూ పోయి, "భూమాయనకు ఎకరాకు ఇన్ని మూటలు" అని వాళ్లే చెప్పేశారు. రెండు రోజుల్లో గుత్త చేసేవాళ్లందరూ బయటపడ్డారు. ఇరవై ఏళ్లలో నాకు తట్టని ప్రశ్న అది. పండితులంటే నాకు కోపమేమీ లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అలాంటివాళ్లను చూశాక కోపం ఎలా వస్తుంది?

నేను అడిగేది ఒకటే. మా ఊళ్ల నుంచి అంకెలు పట్టుకుపోయినవాళ్లు వాటిని తిరిగి తెచ్చి మా ముందర చదవాలి. తెలుగులో, ఒక పేజీ చాలు. గ్రామ సచివాలయం ముందర గోడకు అంటించి, ఒక సాయంత్రం రచ్చకట్ట దగ్గర కూర్చుని, "మీ ఊరి గురించి మేం తేల్చింది ఇది, తప్పుంటే చెప్పండి" అనాలి. ఇది జరగని పని అంటారేమో. 2006లో ఉపాధి హామీని మన పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ గారు మొదలుపెట్టారు, ఆయనా అర్థశాస్త్రం పంతులే. ఆ పథకానికి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ పెట్టి, పనికి వచ్చినవాళ్ల హాజరు రాసే మస్టరులో ఉన్న పేర్లను ఊరందరి ముందూ చదివారు. "ఆ వారం నేను పనికే పోలేదు, నా పేరు యాడి నుంచి వచ్చింది?" అని లేచి అడిగినవాళ్లను నా కళ్లతో చూశాను. కూలి డబ్బుల లెక్క అలా చదవగలిగినప్పుడు, పరిశోధన లెక్క చదవలేమా? గ్రామం-4 వాక్యాన్ని మా రచ్చకట్ట దగ్గర చదివుంటే అరనిమిషంలో నవ్వులు మొదలయ్యేవి. ఎవరూ పేరు పెట్టి ఏమీ చెప్పకపోయినా, ఆ నవ్వు చాలు ఆచార్యులకు.

ఇంకో లాభం కూడా ఉంది. మావాళ్లకూ అడగాల్సినవి ఉన్నాయి. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి కాయ కొనే ర్యాంపుల దగ్గర, ఫ్యాక్టరీల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలన్నారు. పక్కన కర్ణాటకకు కేంద్రం క్వింటాలుకు 1,616 రూపాయల లెక్క ఒప్పుకుంది. అదే కాయ, మధ్యలో ఒక చెక్‌పోస్టు. వరికి, చెనక్కాయకు ఉన్నట్టు మామిడికి మద్దతు ధర లేదు. "ఈ పన్నెండు ఎవురు లెక్కేసినారు మ్మా? మా తోటకు వచ్చి మందు కొట్టే ఖర్చు అడిగిన్యారా?" అని నన్ను ఎంతమంది అడిగారో. రాసుకునేదాన్ని కదా, నాకు తెలుసుంటుందని వాళ్ల నమ్మకం. ఈ జిల్లా మామిడి మీద ఇంగ్లిషులో థీసిస్‌లు రాసినవాళ్లున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది వాళ్లు, చెప్పాల్సి వస్తున్నది నేను.

పాల కేంద్రం దగ్గర మాట చెప్తానన్నాను. అప్పటి సీమావులామే. ఇప్పుడు నాలుగు ఆవులు, బిల్లు తన పేరున మార్పించుకుంది. మనవడు పేపరు చదివి చెప్పాడట. "ఆడోళ్లు శానామంది పని చేస్తా ఉండారని ఏసినారంట గదా, దాంట్లో నేను ఉండానా?" అంది. ఆ సర్వే మనూరికి రాలేదని చెప్పాను. "మరి ఎవుర్ని అడిగి రాసినారు?" అంది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలు కదా, అట్లాగే కొన్ని ఊళ్లను తీసుకుంటారని పాఠం చెప్పినట్టు చెప్పాను. పాలు కొలపాత్రలో పోస్తా పోస్తా, "అది సరే, పట్టుకున్నోళ్లు సరింగా పట్టుకున్నారా?" అంది.

ఆ ఆచార్యులిద్దరికీ మీ ద్వారా ఒక విన్నపం. మా కేంద్రం పొద్దున ఐదున్నరకు తెరుస్తారు, ఏడింటికి మూసేస్తారు. చిత్తూరు నుంచి తొలి బస్సుకు వస్తే కేంద్రం కట్టేసుంటుంది, కాబట్టి ముందు రోజు సాయంత్రమే రావాలి. పడుకోవడానికి మా మిద్దె ఉంది. వచ్చే రెండు నెలలు నాకు ప్రాజెక్టు ఏదీ లేదు.

ఇట్లు,
ఒక సర్వే ఇన్వెస్టిగేటరు,
పూతలపట్టు మండలం, చిత్తూరు జిల్లా.

(ఇంకా కాంట్రాక్టు పనులకు పిలుస్తున్నారు కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.)